పీఏగా మొదటి ఉద్యోగం: చేతిలో మూడు ఆఫర్లు ఉంటే ఏది తీసుకోవాలి?

అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, అంటే డాక్టర్‌తో కలిసి పనిచేస్తూ పేషెంట్లను చూసి మందులు రాసే వృత్తి) కోర్సు ముగించి, ఆ వృత్తికి పెట్టే జాతీయ పరీక్ష పాన్స్ గట్టెక్కి, స్టేట్ లైసెన్స్ కోసం ఎదురుచూస్తున్న తెలుగు పిల్లలు మా డాలస్ వైపు ఏటా కొంతమంది కనిపిస్తూనే ఉంటారు. హాస్పిటల్లో పీఏగా పనిచేస్తున్నానని తెలిసి "అక్కా, ఈ ఆఫర్ ఒకసారి చూస్తావా" అని ఫోన్లో కాంట్రాక్ట్ పంపుతారు. పంపగానే చెప్పే మొదటి మాట జీతం. వాళ్ళ అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. సాఫ్ట్‌వేర్‌లో చేరిన పెదనాన్న కొడుకుతో పోలిక కూడా ఆ వెంటనే వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి ఉద్యోగంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది నీకు పని నేర్పేది ఎవరు, ఎన్నాళ్ళు నేర్పుతారు, ఆ మాట కాగితం మీద ఉందా లేదా అన్నది. జీతం ఆ తర్వాతే. ఇది డబ్బు అక్కర్లేదని చెప్పే మాట కాదు. లక్ష డాలర్లు దాటిన లోన్ నెత్తిమీద పెట్టుకుని బయటికి వచ్చే పిల్లలకు ఆ మాట చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ ఎండీ చదివిన వాళ్ళకు కోర్సయ్యాక కనీసం మూడేళ్ళ రెసిడెన్సీ ఉంటుంది. పీఏలకు అలాంటిది తప్పనిసరి కాదు. సుమారు 27 నెలల ప్రోగ్రాం, అందులో ఏడాది పైచిలుకు క్లినికల్ రొటేషన్లు, ఆ వెంటనే ప్రిస్క్రిప్షన్ మీద సొంత సంతకం. అసలు ఈ వృత్తి పుట్టిందే డాక్టర్ పక్కన పనిచేస్తూ నేర్చుకోవాలన్న ఆలోచనతో. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ నేవీలో వైద్య సేవలు చేసి వచ్చిన కొద్దిమందితో మొదటి బ్యాచ్ మొదలుపెట్టినప్పుడు అనుకున్నది అదే. ఆ పక్కన ఉండాల్సిన డాక్టర్ లేని చోట మొదటి ఉద్యోగం అంటే నాకు భయం.

మాట్లాడుకోవడానికి వీలుగా మూడు ఆఫర్లు ఊహించుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే, కానీ నా దగ్గరకు వచ్చే కాంట్రాక్టుల తీరు ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

మొదటిది అర్జెంట్ కేర్, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా చిన్నాచితకా జబ్బులకు వెళ్ళే క్లినిక్. గంటకు 72 డాలర్లు, నెలకు 13 షిఫ్టులు, షిఫ్టుకు 12 గంటలు. చేరగానే 10 వేల డాలర్ల సైన్-ఆన్ బోనస్. రెండు వారాల ట్రైనింగ్, ఆ తర్వాత సెంటర్లో నువ్వొక్కదానివే. డాక్టర్ ఫోన్లో దొరుకుతారు.

రెండోది యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న హాస్పిటల్లో కార్డియాలజీ. ఏడాదికి 114 వేలు. వారానికి ఐదు రోజులు, 25 రోజుల జీతంతో సెలవులు, రిటైర్మెంట్ ఖాతాలో హాస్పిటల్ వేసే 5 శాతం, సీఎంఈకి (లైసెన్స్ నిలబెట్టుకోవడానికి చేసే చదువులకు) 2,500. ఆరు నెలల ఓరియెంటేషన్ ఉంటుందని హెచ్‌ఆర్ ఫోన్లో చెప్పారు.

మూడోది డాలస్‌కు రెండు గంటల దూరంలో చిన్న ఊళ్ళో కమ్యూనిటీ హెల్త్ సెంటర్, ఫ్యామిలీ ప్రాక్టీస్. 118 వేలు. లోన్ మాఫీకి అవకాశం ఉంది. డాక్టర్ వారానికి రెండు రోజులే వస్తారు.

గంటల లెక్క

జీతాన్ని ఏడాది మొత్తంగా కాకుండా గంటకు ఎంత పడుతుందో చూడాలి. అర్జెంట్ కేర్‌లో 13 షిఫ్టులు, 12 గంటలు, 12 నెలలు అంటే 1,872 గంటలు. 72తో గుణిస్తే 134,784 డాలర్లు. చూడటానికి బ్రహ్మాండం. కానీ గంటల మీద ఇచ్చే జీతం కాబట్టి సెలవు పెడితే డబ్బు రాదు. ఇండియాకు వెళ్ళి రావడానికి తొమ్మిది షిఫ్టులు వదులుకుంటే 7,776 డాలర్లు పోయాయి. మిగిలేది 127,008. ఆ తర్వాత, రాత్రి ఎనిమిదికి తలుపులు మూసేస్తారు, కానీ 7:50కి వచ్చిన పేషెంట్‌కు కుట్లు వేసి, నోట్స్ రాసి బయటపడేసరికి 8:45 అవుతుంది. ఆ ముప్పావుగంటకు జీతం ఇస్తారా? చాలా చోట్ల ఇవ్వరు. ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

కార్డియాలజీలో 260 పనిదినాల్లో 25 సెలవులు, ఏడు పండుగ రోజులు తీసేస్తే 228 రోజులు. నోట్స్‌తో కలిపి రోజుకు తొమ్మిది గంటలు వేసుకుంటే 2,052 గంటలు. జీతం, హాస్పిటల్ వేసే 5,700 కలిపితే 119,700. గంటకు 58 డాలర్ల పైచిలుకు. అర్జెంట్ కేర్‌లో కూర్చున్న అదనపు ముప్పావుగంటలు లెక్కేసినా గంటకు 68 దగ్గర వస్తుంది. అంటే డబ్బు విషయంలో అర్జెంట్ కేర్‌దే పైచేయి, అందులో దాపరికం లేదు. ఆ తేడాకు బదులుగా నువ్వు ఏం ఇస్తున్నావన్నదే అసలు ప్రశ్న.

"మామూలుగా పీఏలకు 133 వేలు వస్తుందట కదా" అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. 2024 మే నాటికి అమెరికా లేబర్ శాఖ చెప్పిన మీడియన్ జీతం (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ) 133,260 డాలర్లు. అది ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళను కూడా కలుపుకున్న అంకె. కొత్తగా చేరేవాళ్ళు దానికి తక్కువ దగ్గర మొదలవడం సహజం. పీఏల జాతీయ సంఘం ఎఎపిఎ ఏటా ఇచ్చే జీతాల రిపోర్టులో స్టేట్, స్పెషాలిటీ, అనుభవం వారీగా అంకెలు విడివిడిగా ఉంటాయి. బేరం ఆడేముందు మీ స్టేట్‌లో ఏడాది లోపు అనుభవం ఉన్నవాళ్ళ వరుస చూసుకోండి.

సైన్-ఆన్ బోనస్ గురించి ఒక్క మాట. 10 వేలు ఇస్తే అందులో ఫెడరల్ టాక్స్ కిందే 22 శాతం ముందే కోసేస్తారు, మెడికేర్ (పెద్ద వయసువాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య బీమా), సోషల్ సెక్యూరిటీ కోతలు దానికి అదనం. రెండేళ్ళ లోపు మానేస్తే తిరిగి కట్టమన్నప్పుడు మాత్రం కొన్ని కాంట్రాక్టులు మొత్తం 10 వేలూ కట్టమంటాయి. నెలనెలా తగ్గుతూ వచ్చేలా రాయించుకోవాలి. వాళ్ళే ఉద్యోగం నుంచి తీసేస్తే కట్టక్కర్లేదన్న మాట కూడా అందులో ఉండాలి.

నేర్పడం అంటే ఏమిటి

ఓరియెంటేషన్ అనే మాట ప్రతి ఆఫర్లోనూ ఉంటుంది. కొన్ని చోట్ల కంప్యూటర్‌లో చార్టింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పించి, బ్యాడ్జి ఇచ్చి, దాన్నే ఓరియెంటేషన్ అంటారు. నేను అడగమనేది వారాల వారీ లెక్క. మొదటి నెలలో రోజుకు ఎంతమంది పేషెంట్లు? మూడో నెలలో? ఆరో నెలలో? మొదట్లో ఆరుగురు ఎనిమిదిమందితో మొదలుపెట్టి మెల్లగా పెంచుతామని చెప్పే చోటికీ, రెండో వారం నుంచే అందరిలాగే 22 మంది అని చెప్పే చోటికీ చాలా తేడా ఉంది. నా కేసులు ఎవరు చూస్తారు, అదే రోజు చూస్తారా, నెలాఖరుకు పది చార్టులు తిరగేస్తారా అని కూడా అడగాలి.

కాగితం కంటే ఎక్కువ చెప్పేది షాడో డే. ఇంటర్వ్యూతో సరిపెట్టకుండా ఒక పూట పనిచేసే చోట కూర్చుంటానని అడగండి. మంచి చోట ఎవరూ కాదనరు. అక్కడ ఒక్కటే గమనించండి. యాభై ఏళ్ళ మనిషి ఛాతీలో బరువుగా ఉందని వస్తాడు. పీఏ ఈసీజీ తీయిస్తుంది. రెండు లీడ్లలో ఎస్‌టీ (గుండెపోటును సూచించగల గీత భాగం) కొంచెం తేడాగా అనిపిస్తుంది, కచ్చితంగా చెప్పలేని తేడా. ఇప్పుడు ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆమె ఎటు నడుస్తుంది? పక్క గదిలో డాక్టర్ ఉండి, తలుపు తట్టగానే "ఇటివ్వు" అని తీసుకుని, పాత ఈసీజీ తెరిచి పక్కపక్కన పెట్టి చూపించే చోటు ఒకటి. ఫోన్ చేసి, మెసేజ్ పెట్టి, పదిహేను నిమిషాలు ఫోన్ వంకే చూస్తూ నిలబడే చోటు ఇంకొకటి. అనుభవం ఉన్న పీఏకు రెండో చోటు కూడా ఫర్వాలేదు, అనుమానం వస్తే 911కి చేసి పంపించేస్తుంది. ఏది అనుమానించాలో ఇంకా నేర్చుకుంటున్న మనిషికి ఆ పదిహేను నిమిషాలు చాలా టెన్షన్, పేషెంట్‌కు ప్రమాదం.

అందుకే అర్జెంట్ కేర్‌ను మొదటి ఉద్యోగంగా నేను ఒప్పుకోను. అక్కడికి వచ్చే వందమందిలో అధికభాగం జలుబులు, బెణుకులు, యూరిన్ ఇన్ఫెక్షన్లు. ఆ జలుబుల మధ్యలో ఎప్పుడో ఒకసారి వచ్చే పల్మనరీ ఎంబాలిజంని (ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడటం) పట్టుకోవాలంటే, ముందు నాలుగైదు చూసి ఉండాలి, పక్కన ఎవరో ఒకరు చూపించి ఉండాలి. రెండేళ్ళు హాస్పిటల్లోనో ఈఆర్‌లోనో (ఎమర్జెన్సీ విభాగం) చేశాక అదే అర్జెంట్ కేర్‌కు వెళ్తే గంటకు ఇంకా ఎక్కువే ఇస్తారు. ఒక షరతు మీద మాత్రం నా మాట మార్చుకుంటాను. షిఫ్టులో ఇద్దరు ఉండి, ఆ రెండో మనిషి డాక్టరో ఐదారేళ్ళ పీఏనో అయి, మొదటి ఆరు నెలలు నిన్ను ఒంటరిగా షిఫ్టులో పెట్టబోమని రాసిస్తే సరే.

కార్డియాలజీ ఆఫర్లో కూడా ఒక చిక్కు ఉంది. ఆరు నెలల ఓరియెంటేషన్ అన్నది ఫోన్లో చెప్పిన మాట. హెచ్‌ఆర్ మనిషి రేపు మారిపోవచ్చు, డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు మానేస్తే ఆరు నెలలు ఆరు వారాలైపోతాయి. "మీరు ఫోన్లో చెప్పిన ఓరియెంటేషన్ వివరాలు ఆఫర్ లెటర్‌లో చేర్చగలరా" అని ఒక ఈమెయిల్ పెట్టండి. వాళ్ళు కాంట్రాక్టులో చేర్చకపోయినా, ఈమెయిల్లో అవునని జవాబిచ్చినా కొంత నయం.

షాడో డే నాడు అక్కడి పీఏతో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడండి. ఇంతకుముందు ఈ సీట్లో ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారని అడగండి. ఒకరు పిల్లల కోసం మానేశారంటే సరే. మూడేళ్ళలో నలుగురు మారారంటే జీతం ఎంత ఇచ్చినా వెనక్కి వచ్చేయండి.

టెక్సస్‌లో ఇంకొకటి అడగాలి. మామూలు క్లినిక్‌లలో పీఏ మందులు రాయాలంటే డాక్టర్‌తో ప్రిస్క్రిప్టివ్ అథారిటీ అగ్రిమెంట్ ఉండాలి. ఒక డాక్టర్ ఏడుగురు పీఏలు, నర్స్ ప్రాక్టీషనర్ల దాకా ఇలా ఒప్పందం పెట్టుకోవచ్చు. మీ డాక్టర్ కింద ఇప్పటికే ఆరుగురు ఉన్నారా, ఇద్దరే ఉన్నారా? ఆయనకు మీ కోసం మిగిలే సమయం అక్కడే తెలిసిపోతుంది.

మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్

వైద్యంలో పొరపాటు జరిగిందని పేషెంట్ కేసు వేస్తే కాపాడేది ఈ ఇన్సూరెన్స్. ఆఫర్ లెటర్లో "మాల్‌ప్రాక్టీస్ కవర్ చేస్తాం" అని ఒక్క వాక్యం ఉంటుంది, అందరూ దాన్ని దాటేసి వెళ్ళిపోతారు. ఏ రకం అన్నది ముఖ్యం. అకరెన్స్ పాలసీ అయితే, ఆ పాలసీ ఉన్న రోజుల్లో జరిగినదానికి కేసు ఎన్నేళ్ళ తర్వాత వచ్చినా రక్షణ ఉంటుంది. క్లెయిమ్స్-మేడ్ అయితే కేసు వేసే నాటికి కూడా పాలసీ నడుస్తూ ఉండాలి. ఉద్యోగం మానేశాక వచ్చే కేసులకు టెయిల్ కవరేజ్ విడిగా కొనాలి. దాని ఖర్చు సాధారణంగా ఏడాది ప్రీమియానికి ఒకటిన్నర నుంచి రెండింతల దాకా ఉంటుంది. అది ఎవరు కట్టాలో కాంట్రాక్టులో రాసి ఉండాలి. ఏమీ రాయకపోతే నువ్వే కట్టాల్సి వస్తుందని అనుకో.

ఈ ఒక్క విషయంలో చిన్న ఊరి హెల్త్ సెంటర్ మిగతా రెండింటినీ దాటిపోతుంది. ఫెడరల్ గ్రాంటుతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లకు ఫెడరల్ టోర్ట్ క్లెయిమ్స్ చట్టం కింద రక్షణ ఉంటుంది, అంటే కేసు వస్తే ప్రభుత్వమే నిలబడుతుంది. అలా గుర్తింపు పొందిన సెంటర్లో చేసిన పనికి టెయిల్ గొడవే ఉండదు. సెంటర్‌కు ఆ గుర్తింపు ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

బోనస్ ఆశ

"ప్రొడక్టివిటీ బోనస్‌తో కలిపి 130 వేలు దాటుతుంది" అని చెప్పినప్పుడు లెక్క అడగండి. ఆర్‌వీయూ అంటే నువ్వు చూసిన ప్రతి విజిట్‌కు మెడికేర్ కట్టిన పని విలువ. మామూలు ఫాలోఅప్‌కు వాడే బిల్లింగ్ కోడ్ 99213కి 1.30, కొంచెం క్లిష్టమైన 99214కి 1.92. రోజుకు 14 మంది, సగటున 1.5 అనుకుంటే రోజుకు 21, ఏడాదికి 220 క్లినిక్ రోజులకు 4,620. నాలుగు వేలు దాటిన ప్రతిదానికి 20 డాలర్లంటే 12,400 వస్తుంది. బావుంది.

కానీ పీఏ పేరున బిల్లు వేస్తే మెడికేర్ డాక్టర్ రేటులో 85 శాతమే ఇస్తుంది. అందుకని కొన్ని క్లినిక్‌లు నిబంధనలకు లోబడి "ఇన్సిడెంట్-టు" కింద డాక్టర్ పేరున బిల్లు వేసి పూర్తి రేటు తీసుకుంటాయి. చూసింది నువ్వు, లెక్కలో పడింది డాక్టర్ ఖాతాలో. నీ విజిట్లలో మూడోవంతు అలా పోతే నీకు మిగిలేవి 3,080. బోనస్ సున్నా. ఏ విజిట్ ఎవరి ఖాతాలో పడుతుంది, మొదటి ఏడాది బోనస్‌తో సంబంధం లేని జీతం ఖాయమా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. రాతపూర్వకంగా చెప్పలేని బోనస్‌ను పోలికలో సున్నా వేసుకోవడమే మంచిది.

లోన్, వీసా ఉన్నవాళ్ళకు

లోన్ బాగా ఉంటే మూడో ఆఫర్ చాలా పైకి వస్తుంది. డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంగా గుర్తించిన చోట ప్రైమరీ కేర్ చేస్తే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ రెండేళ్ళ సర్వీసుకు లోన్ కడుతుంది, ఆ డబ్బు మీద ఫెడరల్ టాక్స్ కూడా ఉండదు. దరఖాస్తు చేసిన అందరికీ రాదు, కొరత స్కోరు ఎక్కువున్న చోట్లకు ముందు వెళ్తుంది. రాకముందే దాన్ని జీతంలో కలిపి చెప్పే క్లినిక్ మాటలు నమ్మొద్దు. నాన్-ప్రాఫిట్ హాస్పిటల్, హెల్త్ సెంటర్ రెండింటిలోనూ పీఎస్‌ఎల్‌ఎఫ్ (ప్రజాసేవ ఉద్యోగాలవాళ్ళకు ఉన్న లోన్ మాఫీ పథకం) కింద 120 నెలసరి వాయిదాలు కట్టాక మిగిలిన ఫెడరల్ లోన్ మాఫీ అవుతుంది. ప్రైవేటు యాజమాన్యంలోని అర్జెంట్ కేర్‌లో మామూలుగా ఆ దారి ఉండదు.

స్టూడెంట్ వీసా మీద చదివినవాళ్ళ సంగతి వేరు, ఏది ముందు చూడాలన్న వరుస వాళ్ళకు వేరేగా ఉండాలి. పీఏ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో లేదు, కాబట్టి చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే. అందులో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. ఇటు హాస్పిటల్ క్రెడెన్షియలింగ్ (నీ చదువు, లైసెన్స్ కాగితాలు సరిచూడటం), ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర పేరెక్కడం కలిపి మూడు నాలుగు నెలలు సులువుగా పడుతుంది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడకుండా సంతకం చేయకూడదు. చేరే తేదీ ఎప్పుడు, క్రెడెన్షియలింగ్ పూర్తికాకపోయినా జీతం మీద తీసుకుంటారా అన్నది ముందే తేల్చుకోవాలి. హెచ్-1బీ విషయానికొస్తే, యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న నాన్-ప్రాఫిట్ హాస్పిటల్‌కు లాటరీ అవసరం ఉండదు. ఈ పరిస్థితిలో ఉన్న అమ్మాయికైనా అబ్బాయికైనా 20 వేల జీతం తేడా అసలు లెక్కే కాదు, రెండో ఆఫర్ కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఇమిగ్రేషన్ లాయర్‌తో మాత్రం ముందే మాట్లాడండి.

బయటికి వచ్చే దారి

నాన్-కంపీట్ అంటే మానేశాక ఇంత దూరంలో, ఇన్నాళ్ళు పనిచేయకూడదన్న షరతు. కాలిఫోర్నియాలో చెల్లదు. దేశమంతా రద్దు చేస్తూ 2024లో ఫెడరల్ వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ తెచ్చిన నిబంధనను అదే ఏడాది ఆగస్టులో టెక్సస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కాబట్టి స్టేట్ చట్టమే చూసుకోవాలి. టెక్సస్‌లో 2025 సెప్టెంబర్ 1 తర్వాత రాసుకున్న కాంట్రాక్టుల్లో పీఏలకు ఇది ఏడాదికి మించకూడదు, పనిచేసిన చోటు నుంచి ఐదు మైళ్ళు దాటకూడదు, డబ్బు కట్టి విడిపించుకునే వీలుండాలి, ఆ మొత్తం ఏడాది జీతానికి మించకూడదు. డాలస్ శివారు ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని అమ్మానాన్నలతో ఉన్నవాళ్ళకు ఐదు మైళ్ళు కూడా తక్కువేం కాదు. పైగా అర్జెంట్ కేర్‌లకు నాలుగైదు సెంటర్లుంటాయి. ఐదు మైళ్ళు ఏ సెంటర్ నుంచి కొలుస్తారో పేరు రాయించుకోండి. "అవసరాన్ని బట్టి ఏ సెంటర్‌కైనా పంపుతాం" అన్న వాక్యం ఉంటే ఎంత దూరం వరకు అన్న హద్దు కూడా ఉండాలి.

నోటీసు 60 రోజులా, 90 రోజులా అన్నది చూడండి. రెండు వైపులా సమానంగా ఉంటే చాలు.

ఇక బేరం. మనవాళ్ళు అడగడానికి మొహమాటపడతారు, "అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో" అని. మర్యాదగా ఒక ఈమెయిల్లో మూడు విషయాలు అడిగినందుకు ఆఫర్ లాగేసుకునే చోటైతే అక్కడ పనిచేయడం ఇంకా కష్టం. పెద్ద హాస్పిటల్లో మూల జీతం కదలదు, ముందే కట్టిన శ్లాబులుంటాయి. అక్కడ సీఎంఈ డబ్బు, చేరే తేదీ, డీఈఏ రిజిస్ట్రేషన్ (నియంత్రణలో ఉన్న మందులు రాయడానికి కావాల్సిన ఫెడరల్ నమోదు) ఫీజు అడగండి. మూడేళ్ళకు ఆ ఫీజే 888 డాలర్లు. చిన్న క్లినిక్‌లో జీతం కదులుతుంది, టెయిల్ కదులుతుంది, ఓరియెంటేషన్ కూడా కదులుతుంది. కాంట్రాక్టును హెల్త్‌కేర్ ఉద్యోగాలు చూసే లాయర్‌కు చూపించండి. ఇంట్లో ఐటీ కాంట్రాక్టులు చదివి అలవాటైన బాబాయికి చూపిస్తే సరిపోదు, అవి వేరు, ఇవి వేరు.

ఈ మూడింటిలో నా ఎంపిక అడిగితే, ఓరియెంటేషన్ రాసిస్తే కార్డియాలజీ. రాసివ్వకపోతే, హెల్త్ సెంటర్ వాళ్ళను డాక్టర్ రాని మూడు రోజులు ఎవరుంటారని అడుగుతాను. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్న పీఏ ఒకరు పక్క గదిలో ఉంటే చిన్న ఊరికే వెళ్ళమంటాను. ఫ్యామిలీ ప్రాక్టీస్‌లో బీపీ, షుగర్, గర్భిణులు, పిల్లలు, డిప్రెషన్ అన్నీ చేతికి వస్తాయి, తర్వాత ఏ స్పెషాలిటీకి మారినా పనికొస్తాయి. కార్డియాలజీలో మూడేళ్ళు చేసినవాళ్ళకు ఆ సౌలభ్యం కొంత తక్కువ. అమ్మానాన్నలకు దూరం కష్టమే, కానీ రెండు గంటల డ్రైవ్, వారం వారం వచ్చి పోవచ్చు. అక్కడ కూడా మూడు రోజులు ఒంటరే అయితే, మూడింటికీ నో చెప్పి ఇంకో రెండు నెలలు వెతకమంటాను.

సంతకం చేశాక కాంట్రాక్టు పూర్తి కాపీ, మాల్‌ప్రాక్టీస్ సర్టిఫికెట్, ఓరియెంటేషన్ గురించి వచ్చిన ఈమెయిళ్ళు సొంత ఖాతాలో దాచుకోండి. ఆఫీసు ఈమెయిల్లో మాత్రమే ఉంటే ఉద్యోగం మానేసిన రోజే అవి చేయి జారిపోతాయి, తర్వాతి క్రెడెన్షియలింగ్‌లో పాత పాలసీ వివరాలు తప్పకుండా అడుగుతారు.